ప్రాత పికప్పు బండికి తగిన నూనె



తెల్లవాఱుజామున గుంటూరు మిర్చి యార్డు ముంగిటను, వేసవి నెలలలో నూజివీడు మామిడితోటల చెంతను, మదనపల్లె టమాటా మార్కెట్టు ద్వారమునను వరుసలు దీఱి నిలిచియుండు పికప్పు బండ్లను చూచినవారికి, మన వ్యవసాయ వాణిజ్య భారమెంత వాని చక్రములపై నడచుచున్నదో వేఱుగ చెప్పనక్కఱలేదు. అందు క్రొత్తవి కొన్నియే. 2523 ఘన సెంటీమీటర్ల డీజిలు ఇంజనుతో వెలువడిన మహీంద్రా బండ్లు, టాటావారి 207 బండ్లు మున్నగునవి పదునైదేసి యేండ్లు దాటియు, ఇద్దఱు ముగ్గురు యజమానుల చేతులు మాఱియు, నేటికిని కిరాయిలు తెచ్చి కుటుంబములను పోషించుచున్నవి. ఇట్టి బండిని సర్వీసింగునకు విడిచిన ప్రతిపర్యాయమును యజమాని ముందర నిలుచు ప్రశ్న యొకటి కలదు: దీనికి ఏ ఆయిలు పోయింపవలయును?

నేటి ప్రసంగమున దానికి సమాధానము చెప్పుటకు యత్నించెదను. నూనె కంపెనీల పేర్లు మాత్రము చెప్పను. ఆకాశవాణియందు అంగడిసరకుల పేర్లు చదువుట మర్యాద కాదనుట యొక కారణము; డబ్బామీది పేరుకంటె దాని ప్రక్కన చిన్న అక్షరములలో ముద్రించిన అంకెలే యీ విషయమున ముఖ్యములనుట రెండవ కారణము.

షెడ్డులో సాధారణముగ వినవచ్చు సలహా యిది. మేస్త్రీ డిప్‌స్టిక్కును పైకి లాగి, నూనెను బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమ రుద్ది చూచి, "బండి పాతదైపోయింది కదా బాబాయ్, లోపలంతా అరిగుంటది. చిక్కటాయిలు పోయించు. పొగ తగ్గుద్ది, చప్పుడూ తగ్గుద్ది" అనును. బాబాయి తలయూపి పోయించును. కొన్నాళ్ళపాటు పొగయు చప్పుడును నిజముగనే తగ్గినట్లు తోచును. ఈ సలహాయందు నిజము పాలు కొంత కలదు. అది యెంతయో తరువాత చెప్పెదను. మొదట, చిక్కనినూనెపై మనకు గల యీ విశ్వాసము ఎచ్చటినుండి సంక్రమించెనో విచారింతము.

ఎడ్లబండి యిరుసునకు ఆముదమున గడ్డిమసి కలిపి కందెన పెట్టిన తరములకు వారసులము మనము. ఆ యిరుసుపై బరువు అధికము, వేగము స్వల్పము. నిండు బస్తాలతో నడచు బండిచక్రము నిమిషమునకు పదునైదు మాఱులు తిరిగిన గొప్ప. అంత మందగతియందు, జాఱిపోక అంటిపెట్టుకొనియుండు చిక్కదనమే యిరుసునకు రక్ష. డీజిలు ఇంజనులోని క్రాంకు షాఫ్టు అదే నిమిషమున రెండు మూడువేల మాఱులు తిరుగును. ఇంత వేగము గల చోట నూనె పనిచేయు తీరు పూర్తిగ వేఱు. షాఫ్టునకును దానిని పట్టియుండు బేరింగునకును నడుమనున్న సందు మిల్లీమీటరులో పదవవంతునకు లోపే. తిరుగుచున్న షాఫ్టు తన వేగముచేతనే నూనెను ఆ సందులోనికి లాగుకొని, వెడల్పుగ నున్న వైపునుండి ఇఱుకుగ నున్న వైపునకు నొక్కి, ఆ ఒత్తిడిపై తాను తేలును. లోహమును లోహము తాకదు. పంపు చేయు పని ఆ సందునకు నూనె నందించుట మాత్రమే. కావున అచట కావలసినది వేడెక్కిన పిమ్మటను తెగిపోనంతటి చిక్కదనమును, చల్లగ నున్నపుడు సైతము వెనువెంటనే చేరగల పలుచదనమును. ఈ రెండును పరస్పర విరుద్ధములు. ఉష్ణము పెరిగినకొలది నూనె అతిగ పలుచబడకుండ కాపాడు పాలిమరు ద్రవ్యములను కలిపి, ఈ విరోధమును కొంతవఱకు పరిహరించి చేసినవే నేడు మనము వాడు మల్టీగ్రేడు నూనెలు.

చిక్కనినూనె పోసినతోడనే ఆయిల్ ప్రెషరు మీటరు ముల్లు పైకి లేచుట చూచి యజమాని సంతసించును. అయితే ఆ ముల్లు చూపునది ప్రవాహమును గాదు, ప్రవాహమునకు ఎదురగు అడ్డును. సన్నని దారులలో నూనె కదలుట కష్టమైనకొలది ముల్లు లేచును. పీడనము నిర్ణీతమైన మేరను దాటినంతనే రిలీఫ్ వాల్వు తెఱచుకొని, పంపు తోడిన నూనెలో కొంతభాగమును బేరింగుల దాక పోనీయక మఱల చాంబరులోనికే విడుచును. అదే సమయమున ఫిల్టరునందలి బైపాస్ వాల్వు సైతము తెఱచుకొన్నచో, వడకట్టబడని నూనెయే ఇంజనంతటను తిరుగును. వేకువను తాళము త్రిప్పిన పిమ్మట మొదటి క్షణములు ఇట్లు గడచును. ఇంజను అరుగుదలలో ఆ క్షణముల వంతు చిన్నది కాదు.

ఇక డబ్బామీది అంకెలు. 15డబ్ల్యూ-40 అను గుర్తును తీసికొందము. అమెరికాలోని ఆటోమోటివ్ ఇంజనీర్ల సంఘమువారు 1911లో ఆరంభించి, నాటినుండి సవరించుచు వచ్చిన వర్గీకరణ మిది. డబ్ల్యూతో కూడిన మొదటి అంకె శీతలస్థితిని తెలుపును: 15డబ్ల్యూ యనబడు నూనె మైనస్ 20 డిగ్రీల చలియందును ఇంజనును త్రిప్పనిచ్చునంత పలుచగ నుండవలయును, 20డబ్ల్యూ యైనచో ఆ పరీక్ష మైనస్ 15 డిగ్రీల యందు. రెండవ అంకె వేడిస్థితిని తెలుపును: 100 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద నూనె స్నిగ్ధత 12.5 సెంటీస్టోకులకు తగ్గక 16.3కు లోబడియున్న నది 40 గ్రేడు, 16.3 మొదలుకొని 21.9 లోపలిది 50 గ్రేడు.

మైనస్ 20 డిగ్రీలని వినినంతనే శ్రోతలు నవ్వుకొనవచ్చును. చింతపల్లి మండలమున లంబసింగిలో ఉష్ణమానము సున్న దరిదాపులకు దిగినంతనే అది పత్రికావార్త యగు దేశము మనది. అట్లని మొదటి అంకె మనకు నిరర్థకమని త్రోసిపుచ్చరాదు. 15డబ్ల్యూ-40 నూనె 100 డిగ్రీలవద్ద ఇంచుమించు 14 సెంటీస్టోకులుండగా, 40 డిగ్రీలవద్ద నూఱు దాటును. అనగా వేసవి మధ్యాహ్నమున చెట్టునీడ నిలిపిన బండిలో సైతము, ఇంజను ఆరంభించునప్పటి నూనె తాను పనిచేయవలసిన చిక్కదనమునకు ఏడెనిమిది రెట్లు చిక్కగ నుండును. ఇంజనునకు చల్లదనమనునది మన యొంటికి తోచు చల్లదనము కాదు. కావున యజమాని పుస్తకమున 20డబ్ల్యూ-40 అని వ్రాసియున్న బండికి 15డబ్ల్యూ-40 పోసిన నష్టము లేదు. వేడిస్థితిలో రెండును ఒక్క కొలతకే లోబడును, ఆరంభమున మాత్రము రెండవది ఒకింత ముందుగ రాకరు చేతులదాక చేరును. తద్విరుద్ధముగ, 40 నుండి 50కి పోవుట మాత్రము ఆలోచించి చేయవలసిన పని.

ఆ రెండవ అంకెను గుఱించి మనకొక భ్రమ కలదు. రెంటచింతలలో ఎండ 45 డిగ్రీలు దాటిన దినములలో, బయట నింత వేడిగ నున్నపుడు లోపలి నూనె నీరైపోవునేమోయని డ్రైవరు భయపడును. కాని నూనె పనిచేయునది ఎప్పుడును 100 డిగ్రీల దరిదాపులనే. ఇంజను నీటిని థర్మోస్టాటు ఏ కాలమందైనను ఒక నిర్ణీత ఉష్ణమానమునకు చేర్చి నిలుపుచుండును. ఆరోగ్యముగ నున్న బండిలో బయటి యెండ ఆ లెక్కను మార్చునది కొంచెమే. మార్చునవి వేఱు: టన్నునకు మించిన బరువుతో ఘాటురోడ్డు నెక్కుట, రేడియేటరు పూడియుండుట, ఫ్యాను బెల్టు జాఱుట. రేడియేటరును కడిగింపక నూనె గ్రేడును మార్చు యజమాని, జ్వరమునకు దుప్పటి మార్చినవాడగును. ఆ ప్రక్కనే మఱియొక హెచ్చరిక: నేటి క్రొత్త కార్లకొఱకు వచ్చు 0డబ్ల్యూ-20, 5డబ్ల్యూ-30 నూనెలు ఖరీదైనవి గనుక గొప్పవనుకొని ప్రాత డీజిలు బండిలో పోయరాదు. అవి వాని కొలతలకై రూపొందిన ఇంజనులకే హితములు.

అంకెల తరువాత అక్షరములు. అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ వారి గుర్తులలో ఎస్ అక్షరముతో మొదలగునవి పెట్రోలు ఇంజనులకును, సీతో మొదలగునవి డీజిలు ఇంజనులకును ఉద్దేశింపబడినవి. డబ్బామీద ఎస్ మాత్రమే యుండి సీ లేనిచో, ఆ నూనె ఎంత క్రొత్తదైనను మన బండికి పనికిరాదు; డీజిలు మండునపుడు పుట్టు మసిని మోయుశక్తి దానికి చాలదు. డీజిలు వర్గమున సీఎఫ్-4 1990లోను, సీహెచ్-4 1998లోను, సీఐ-4 2002లోను, సీకే-4 2016లోను వెలువడినవి. మన బండి పుస్తకమున సీఎఫ్-4 అనియో సీహెచ్-4 అనియో యున్నచో, నేడు బజారున సులభముగ దొరకు సీఐ-4 నూనె దానికి నిస్సంకోచముగ పోయవచ్చును.

ఇచట గంధకము కథ ఒకింత చెప్పుట అవసరము. డీజిలునందలి గంధకము మండి, ఆవిరితో కలిసి ఆమ్లముగ మాఱి లైనర్లను బేరింగులను తినును. దానిని విఱుచుటకే నూనెలో క్షారద్రవ్యములను కలిపెదరు. భారత్ స్టేజి (బీఎస్) ప్రమాణములలో బీఎస్-2 నాటి డీజిలులో పదిలక్షలకు 500 వంతుల గంధకముండగా, బీఎస్-3 నాటికి అది 350కి, 2017 ఏప్రిలు 1 నుండి దేశమంతట అమలైన బీఎస్-4లో 50కి, 2020 ఏప్రిలు 1 నుండి బీఎస్-6లో 10కి తగ్గినది. విచిత్రమేమనగా, ఈ ప్రాత బండ్లు తమ యౌవనమున త్రాగినదానికంటె వార్ధక్యమున త్రాగుచున్న యింధనమే శుద్ధమైనది! కావున మునుపటివలె ఆమ్లభయముచే నూనెను తొందరపడి పాఱబోయవలసిన హేతువు కొంత తగ్గినది. ఇక సీకే-4 నూనెలలో బూడిద నొక శాతమునకు మించనీయరు. అది క్రొత్త బండ్ల పొగగొట్టములలోని జల్లెడ పూడిపోకుండుటకై చేసిన నియమము. నేటి డీజిలుతో నడచు ప్రాత బండికి అది పోసిన హాని లేదు. అయితే జల్లెడయే లేని బండికి, జల్లెడ సంరక్షణార్థము రూపొందిన నూనెను అధిక మూల్యమిచ్చి కొనుటకు గట్టి కారణమేదియు నాకు తోచదు.

ఇప్పుడు మేస్త్రీ మాటకు వత్తము. బండి ప్రాతదనుట రోగనిర్ణయము కాదు. ఉదయమున స్టార్టు చేసినపుడు మాత్రమే నీలిపొగ యొక గుప్పున వచ్చి ఆగిపోయినచో, వాల్వు సీళ్ళు గట్టిపడి నూనె లోనికి జాఱుచున్నదని అనుమానింపవలయును. బరువుతో ఎత్తునెక్కునపుడు నీలిపొగ విడువక వచ్చినచో రింగులు, లైనర్లు అరిగినవని యర్థము. ఇంజను నడచుచుండగా నూనెపోయు మూతను జాగ్రత్తగ వదులుచేసి చూడుడు. లోపలినుండి పొగ బుసబుస తన్నుకొని వచ్చినచో ఆ యనుమానము బలపడును. నల్లపొగకు నూనెతో ప్రమేయములేదు. అది ఇంజెక్టర్ల, పంపు, గాలి ఫిల్టరు వ్యవహారము. నూనె తరుగుటకు మాఱుగ మట్టము పెరుగుచున్నచో అది శుభము కాదు, లోనికి డీజిలో నీరో దిగుచున్నది; మూతక్రింద మీగడవంటి తెలుపు కన్పడిన నీరే, హెడ్ గ్యాస్కెట్టు చూపింపవలయును. ఇట్టి బండికి ఏ గ్రేడు పోసినను వ్యర్థమే.

డిప్‌స్టిక్కును చూచుటకును ఒక పద్ధతి కలదు. బండి సమతలమున నుండవలయును. ఇంజను ఆపిన పది నిమిషములకు, పైనున్న నూనె చాంబరులోనికి దిగిన తరువాత, పోగులు రాలని గుడ్డతో తుడిచి, మఱల పూర్తిగ దింపి తీయవలయును. రెండు గీతల నడుమ నుండుటయే సరియైన మట్టము. పై గీతను దాటించి పోసిన, క్రాంకు షాఫ్టు దానిని చిలికి నురుగు చేయును. ఆ కొనయందలి చుక్కను అద్దుడుకాగితముపై పడనిచ్చి, ఒక పూట కదలింపక యుంచి చూచినచో వ్రేళ్ళతో రుద్దిన తెలియని సంగతులు తెలియును. మసి నలుప్రక్కలకు సమముగ వ్యాపించి, అంచునకు క్రమముగ పలుచనైనచో నూనెకింకను సత్తువ యున్నది. నడుమ నల్లని ముద్ద కట్టి చుట్టును ఖండితమైన అంచేర్పడిన, మసిని విడదీసి మోయుశక్తి తీఱిపోయినది. వెలుపల వర్ణరహితమైన వలయ మేర్పడిన డీజిలు కలియుచున్నదని సందేహింపవచ్చును. ఇది ప్రయోగశాల పరీక్షకు సమానము కాదు గాని, ఖర్చులేనిది.

రంగు నల్లబడుట మాత్రము దోషమని యెంచవలదు. డీజిలు బండిలో క్రొత్త నూనె కొలది దినములలోనే నల్లనగును. మసిని గోడలపై పేరుకొననీక తనయందు ఇముడ్చుకొనుటయే దాని పని. వేయి కిలోమీటర్లు నడచియు తేనెరంగున మెఱయు నూనెను చూచిననే నేను సందేహింతును.

మేస్త్రీ మాటలోని నిజము పాలు ఇంతే: రింగులు అరిగి, వేడెక్కిన పిమ్మట స్లోలో ప్రెషరు పడిపోవుచు, వారమునకొక లీటరు కలుపవలసివచ్చుచున్న ఇంజనునకు, బండి పుస్తకమే వేడి ప్రాంతములకు 20డబ్ల్యూ-50ని అనుమతించియున్నచో, అది పోసి కొన్ని నెలల గడువు సంపాదింపవచ్చును. సీజను నడుమ బండిని షెడ్డులో పెట్టిన అప్పుల వాయిదాలు ఆగవు గనుక, ఆ గడువు విలువ యజమానికే తెలియును; నేను దానిని తప్పుపట్టను. అయితే అది బోరు చేయించువఱకు వాయిదాయే గాని చికిత్స గాదు. రెండు సర్వీసుల నడుమ ఒక లీటరు మాత్రము కలుపుకొనుచున్న బండికి ఆ వాయిదాయు అక్కఱలేదు. దానికి పుస్తకము చెప్పిన 15డబ్ల్యూ-40 సీఐ-4 నే పోయుచు, తఱచు మట్టము చూచుకొనుచుండిన చాలును.

సింథటిక్ నూనె ప్రాత సీళ్ళను తినునన్నమాట నమ్మదగినది కాదు. సీళ్ళు ముందే గట్టిపడి పగిలియున్న బండిలో, బురద అడ్డుపడి నిలిచియున్న కాఱుడు బయటపడుట మాత్రము జరుగవచ్చును. వారమునకు లీటరు త్రాగు బండిలో ఆ ఖరీదైన నూనె పోయుట, పొగగొట్టమునుండి ధనమును పంపుట. సీసాలలో విక్రయించు 'ఇంజను బలము' మందులను గుఱించి అడుగనేవలదు.

వీనియన్నిటికంటె ఎక్కువ శ్రద్ధకు పాత్రమైన దొకటి యున్నది, అది నూనెయే కాదు: గాలి ఫిల్టరు. పొలముబాటల ఎఱ్ఱమట్టి, సిమెంటు గోదాముల దుమ్ము ఫిల్టరు ప్రక్కనుండి దూఱినచో, అందలి యిసుకరేణువులు నూనెపొరను చీల్చి లైనర్లను గీయును. పగిలిన రబ్బరు గొట్టము, వదులైన క్లిప్పు, చేతితో దులిపి మఱల పెట్టిన చిరిగిన ఫిల్టరు—వీనివలని నష్టమును ఏ గ్రేడును పూడ్చజాలదు. దుమ్ములోను, అధిక భారముతోను, ఊరిలోపలనే చిన్న చిన్న దూరములు తిరుగు బండికి పుస్తకమున వ్రాసిన కిలోమీటర్ల గడువుకంటె ముందుగనే నూనె మార్పింపవలయునని పుస్తకమే వేఱొకచోట చెప్పును. ఆ పుట చదువువారు తక్కువ.

కొనునపుడు సీలు ఊడని డబ్బాను, బిల్లిచ్చు దుకాణముననే కొనుడు. ఖాళీ డబ్బాలను సేకరించి, వడకట్టిన ప్రాత నూనెను నింపి అమ్మువారు లేకపోలేదు. కావున మీ డబ్బా ఖాళీయైనతోడనే దానికొక మేకు దిగగొట్టి రంధ్రము చేయించుడు. దించిన నల్లనూనెను షెడ్డు వెనుక కాలువలోనికి వంపుట మనయందు సామాన్యమైపోయినది. కొందఱు దానిని సెంట్రింగు చెక్కలకు పూయుటకై కొనిపోవుదురు. వాడిన నూనె చట్టప్రకారము అపాయకర వ్యర్థము. కాలుష్య నియంత్రణ మండలి యనుమతి గల శుద్ధికేంద్రములకు పంపు డీలరునకే దానిని అప్పగింపవలయును.

క్రొత్త ఫిల్టరు రబ్బరు వలయమునకు కొంచెము నూనె రాచి, చేతితోనే బిగించి, నూనె పై గీతకు ఒకింత తక్కువగ పోసి, స్టార్టు చేసి, ప్రెషరు దీపము ఆఱువఱకు యాక్సిలరేటరు త్రొక్కక స్లోలోనే నడవనిండు. తరువాత ఆపి, పది నిమిషములు తాళి, ఫిల్టరు త్రాగినంత తరుగును చూచుకొని కలుపుడు. తేదియు, కిలోమీటర్లును, పోసిన గ్రేడును డ్యాష్‌బోర్డు లోపల ఒక చీటిపై వ్రాసి అంటించిన, బండి చేతులు మాఱినప్పుడు తరువాతి యజమానికిని ఉపకరించును.